ఉడికిన నూలు

ఎమ్మిగనూరు,
9 జూన్ 2025.

కమలాపురంలో అక్క ఇంట్లో ఉన్న గంగాదేవికి, శివలీల రాసేది.

ఉత్తరం మొదలుపెడితే ముందు ఇక్కడ క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపవలెను అని రాయాలని మా నాయన నేర్పించాడు. ఆ వాక్యం కోసం రెండుసార్లు పెన్ను ఎత్తాను, రెండుసార్లూ దించాను. ఇక్కడ క్షేమం లేదు. అక్కడ నువ్వెట్లా ఉన్నావని అడిగితే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. కాబట్టి ఆ మర్యాదలు పక్కన పెట్టి సంగతికి వస్తాను.

నా నంబరు బ్లాక్ చేశావు. మీ అక్క ఫోనుకు చేస్తే, "గంగ పండుకోనుండాది, ఇంగ ఫోను చెయ్యాకు" అని పెట్టేసింది. పగలు పదకొండు గంటలకు నువ్వు పండుకోవడం నా ఇరవై ఐదేళ్ళ స్నేహంలో చూడలేదు. సరే. పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. అక్కడి మనిషి నన్ను గుర్తుపట్టి, ముఖం పక్కకు తిప్పుకుని స్టాంపు ఇచ్చాడు. ఉత్తరంలో కూడా ఆసిడ్ పోసి పంపుతానేమో అనుకున్నట్టున్నాడు.

ఈ ఉత్తరంతో పాటు ఒక టైపు కాగితం పెడుతున్నాను. అందులో నాలుగే వాక్యాలున్నాయి. శివలీల బ్యూటీ పార్లరుకు రాకముందే నువ్వు మెడికల్ షాపు క్రీము వాడుతున్నావని, ఆ సంగతి నాకు చెప్పలేదని, అందువల్లే నీ ముఖం పాడైందని, ఇందులో నా తప్పు ఏమీ లేదని. కింద సంతకం చేసి వెనక్కి పంపు. నేను దాన్ని దుకాణం తలుపుకు అంటించుకుంటాను. నీ దగ్గర నేను కోరేది ఇంతే.

ఎందుకు అంటించుకోవాలంటే, మూడు నెలలుగా నా పేరు శివలీల కాదు, ఆసిడ్ లీల. నీకు తెలియకపోవచ్చు, తెలిసినా సంతోషమే అనుకుంటావేమో. పెళ్ళికూతుళ్ళు రావడం మానేశారు. ఫేషియల్ మాట ఎత్తేవాళ్ళు లేరు. కనుబొమలు తీయించుకోవడానికి మొన్న ఒక డిగ్రీ పిల్ల వచ్చింది. కుర్చీలో కూర్చుని, "అక్కా, ఆ దారానికి ఏం పూయవు కదా" అని అడిగింది. పూయనమ్మా అన్నాను. అయినా దారం తన ఎదురుగా కొత్త ఉండలోంచి తీయమంది. తీశాను. ఏం చేస్తాను?

నిన్ను నేను కాల్చానని ఊరంతా చెప్పుకుంటోంది. ఈ ఊరికి ఆసిడ్ అంటే బాత్రూము కడిగేది ఒక్కటే తెలుసు. నువ్వు చదువు ఎనిమిదితో ఆపేశావు కానీ బుర్ర లేనిదానివి కాదు. పంచాయితీలో పెద్దమనుషులకు ఇది వివరించలేకపోయాను కాబట్టి నీకైనా చెబుతాను, విను.

మన చర్మం పైపొరంతా చచ్చిన కణాలే. కొత్తవి కింద పుడతాయి, పైకి వస్తూ వస్తూ చస్తాయి, చచ్చాక ఒకదానికొకటి అతుక్కుని కొన్నాళ్ళు ఉండి రాలిపోతాయి. మగ్గం పడుగుకు గంజి పెట్టాక దువ్వకపోతే పోగులు ఎట్లా అంటుకుపోతాయో అట్లా. వయసు పెరిగేకొద్దీ, ఎండ తిన్నకొద్దీ ఆ రాలడం నెమ్మదిస్తుంది, ముఖం మసకబారుతుంది. ఆసిడ్ చేసే పని ఆ గంజిని వదులు చేయడం. అది పీచు పెట్టి రుద్దదు, గీకదు. సరిగా వాడితే కాల్చదు కూడా. వదులైన పొర మూడు నాలుగు రోజుల్లో తనంతట తాను ఊడుతుంది, దానితో పాటు మచ్చ కొంచెం పలుచబడుతుంది.

మన అవ్వలు పుల్లపెరుగు పూసుకున్నది దేనికి? అందులో ఉన్నదీ ఆసిడే, లాక్టిక్ అంటారు. నేను నీకు వాడింది గ్లైకాలిక్. చెరకురసంలో కూడా ఉంటుంది. అయితే దీని అణువు మిగతావాటికంటే చిన్నది, కాబట్టి త్వరగా దిగుతుంది, లోతుకు దిగుతుంది. లాక్టిక్ కొంచెం పెద్దది, నిదానంగా పోతుంది. మొటిమలకు పూసే శాలిసిలిక్ దారి వేరు. అది నూనెలో కరిగే రకం, జిడ్డున్న రంధ్రాల్లోకి పోయి అక్కడ పని చేస్తుంది. సీసా మీద ఎంత శాతమో రాసి ఉంటుంది కానీ అదొక్కటే చూస్తే చాలదు, ఎంత పులుపో కూడా చూడాలి. శాతం అదే అయినా పులుపు ఎక్కువైతే ఎక్కువ కొరుకుతుంది. ఇంకోటి, గ్లైకాలిక్ తనంతట తాను ఆగదు. గడియారం చూసుకుని మనమే వంటసోడా కలిపిన నీళ్ళతో ఆపాలి. ఆపకపోతే చచ్చిన పొర అయిపోయాక బతికిన పొర మీద పడుతుంది.

నాకు ఇదంతా కొత్తగా అనిపించలేదు. రంగులు అద్దే పుల్లన్న కూతుర్ని. నూలు తెచ్చిన వెంటనే ఎవరూ రంగులో ముంచరు కదా. సోడాలో ఉడకబెట్టి, దాని మీదున్న మైనం పోగొట్టి, ఉతికి, అప్పుడు ముంచుతారు. ఉడకని నూలు మీద రంగు మరకలు మరకలుగా నిలుస్తుంది. కర్నూలులో ఆర్నెల్ల కోర్సులో మేడం ఈ పాఠం చెబుతుంటే మిగతా పిల్లలు గబగబా రాసుకున్నారు. నేను రాసుకోలేదు. మా పెరట్లో ఉన్న విద్యే కదా, నాకు చెప్పేదేముంది అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. మార్చి రెండో తేదీ. నువ్వే వచ్చావు, నేను పిలవలేదు. విజయవాడ చేనేత ప్రదర్శనలో మగ్గం మీద కూర్చుని నేసి చూపించడానికి జిల్లా అంతటిలో నిన్ను ఎంచుకున్నారు. నీ ఫొటో పెద్దగా వేసి ద్వారం దగ్గర పెడతామన్నారట. బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండు చెంపల మీద మంగు అట్లే ఉండిపోయిందని నీకు బాధ. "పదైదు దినాలుండాది మే, ఈ నలుపు పోగొట్టు, ఒక్కసారన్నా తలెత్తుకోని ఫొటో దిగల్ల" అన్నావు. నీకంటే ఎక్కువ నేను సంతోషపడ్డాను. మన వీధి నుంచి ఒక ఆడమనిషి ముఖం అంత పెద్దగా ఎక్కడైనా వేశారా?

అన్నీ పద్ధతిగా చేశాను. ముఖం కడిగాను, జిడ్డు తుడిచాను, కంటి మూలలకు, పెదవులకు వాజలిన్ పెట్టాను. బ్రష్‌తో పూసి గడియారం పట్టుకున్నాను. మూడు నిమిషాలు అని పుస్తకంలో ఉంటే మూడు నిమిషాలే ఉంచాను. మంటగా ఉందన్నావు, మంట మామూలే అన్నాను. ఆపాను, కడిగాను, సన్‌స్క్రీన్ పూశాను. వారం పాటు ఎండలోకి రావద్దని, పొట్టు ఊడితే గిల్లుకోవద్దని చెప్పాను. తలూపావు.

ఊపి ఏం చేశావు? నాలుగో రోజు పొద్దున్నే మీ అత్త పడుగు వీధిలో చాచితే పోయి నిలబడ్డావు. నాకు తెలియదా మన వీధి పద్ధతి? ఎవరింటి పడుగైనా బొట్టు పెట్టి పిలవరు, పడుగు కనబడితే చేయి వేయాల్సిందే, రాని ఇంటి పడుగుకు రేపు ఎవరూ రారు. ఇక సొంత ఇంటి పడుగంటే చెప్పేదేముంది. మీ అత్త హంపమ్మ గంజి కుంచె నీ చేతికిచ్చి, "ముగానికి ఏదో పూసుకున్యాదంట, ఎండకు కరిగిపోతాదంట మా రాణి" అని వీధంతా వినబడేటట్టు అన్నదని విన్నాను. కొంగు ముఖానికి చుట్టుకుని రెండు గంటలు ఆ ఎండలో దువ్వావు. మార్చి నెలలో ఎమ్మిగనూరు ఎండ కొంగుకు ఆగుతుందా? కొత్త చర్మం పసిపిల్ల లాంటిది గంగా.

ఐదో రోజు కొంగు కప్పుకుని వచ్చావు. తీశావు. చెంపలు పచ్చిపుండులా ఉన్నాయి. తర్వాత నీ మొగుడు ఓబులేష్ నిన్ను కర్నూలు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ ఆమె గట్టిగా అడిగితే సంచిలోంచి ట్యూబు బయటపడింది. ఆర్నెల్లుగా పూస్తున్న క్రీము, మెడికల్ షాపువాడు తెల్లగా అవుతారని చేతిలో పెట్టింది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో మెరుస్తుంది, లోపల చర్మం పలుచనైపోతుంది. అటువంటి చర్మం మీద ఆసిడ్ పెట్టకూడదు, ముందు ఆ క్రీము మానిపించి నెలల తరబడి ఆగాలి. డాక్టరమ్మ అదే చెప్పింది. పుండు మానింది, మంగు ఉన్న చోట అంతకంటే నల్లటి మచ్చ మిగిలింది. విజయవాడకు నీ తోడికోడలు సుజన పోయింది. ఆమె ఫొటో వేశారు.

నాకు చెప్పి ఉంటే నేను పూసేదాన్నా? ఇదే మాట చౌడమ్మ గుడి వసారాలో పెద్దమనుషుల ముందు అన్నాను. నా దగ్గర ఫారం ఉంది. వచ్చిన ప్రతి మనిషి చేత నింపించే ఫారం. మూడో ప్రశ్న, ముఖానికి ఏమైనా క్రీములు, మందులు వాడుతున్నారా అని. ఎదురుగా లేదు అని ఉంది. కింద నీ సంతకం ఉంది. పెద్దమనుషుల్లో మద్దయ్య మామ కళ్ళద్దాలు లేకుండా కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఉండాది కదప్పా, రాసింది ఉండాది, ఇంగ ఆ పాపనేమంటారు" అన్నాడు. నిన్ను అడిగారు, చెప్పినావా లేదా అని. నువ్వు నోరు తెరవలేదు. నీ అత్త అక్కడే తల కొట్టుకుంది, దొంగచాటుగా క్రీములు పూసే కోడలు నాకెందుకని. మరుసటి వారం నువ్వు కమలాపురం పోయావు.

తీర్పు నా వైపే వచ్చింది. అయినా ఒక్కరూ దుకాణం మెట్టెక్కలేదు. మాట గాలికి పోతుంది, నీ ముఖం మాత్రం కనబడుతూనే ఉంది కదా. అందుకే నీ చేతి సంతకం కావాలి. ఇందులో నీకు పోయేది ఏముంది? ఎట్లాగూ అందరూ అదే నమ్ముతున్నారు.

చిన్నప్పటి నుంచీ నీ తీరు ఇదే. మూడో తరగతిలో మా నాయన ఆకుపచ్చ రంగు కలిపిన తొట్టిలో చేయి ముంచి, మోచేతి దాకా పచ్చగా బడికి వచ్చావు, గుర్తుందా? అందరూ చిలక చిలక అని నవ్వారు. ఎవరు ముంచమన్నారని అయ్యవారు అడిగితే, నేనే ముంచుకున్నా సార్ అన్నావు. ముంచుకోవడం, తర్వాత మూలన కూర్చుని ఏడవడం. ఎవరేం చేస్తారు నీకు?

ఇంకేం రాయాలి? మా నాయనకు దగ్గు తగ్గలేదు. రంగు పని దాదాపు మానేశాడు, పొద్దున లేచి ఉత్త తొట్ల దగ్గర తిరుగుతుంటాడు. నీ బిడ్డ ఇక్కడే అత్త దగ్గర ఉంది, అంగన్‌వాడీకి పోతోంది. మొన్న మా దుకాణం ముందు ఆగి లోపలికి తొంగిచూసింది. చాక్లెట్ ఇవ్వబోతే హంపమ్మ చేయి పట్టుకుని లాక్కుపోయింది. పిల్ల వెనక్కి తిరిగి, "మాయమ్మ యాడుండాది" అని నన్నే అడిగింది. ఊరికి పోయింది వస్తుందిలే అన్నాను.

కాగితం మీద సంతకం చేసి పంపు. ఆలస్యం చేయకు.

నీకు ఇప్పుడు ఏమవుతానో తెలియని,
శివలీల.

తా.క.: కవరు అంటించి మళ్ళీ చించాను. టైపు కాగితం తీసి ముక్కలు చేశాను, అది వెతకొద్దు. పైన రాసిందంతా కొట్టేసి కొత్తగా రాద్దామనుకున్నాను. రాసినా మళ్ళీ నాకు అనుకూలంగానే రాస్తానని తెలిసి అట్లే పంపుతున్నాను.

నువ్వు చెప్పావు. కుర్చీలో కూర్చోగానే, నేను అడగకముందే చెప్పావు. "మెడికల్ షాపు క్రీము ఆర్నెల్లుగా పూస్తాండా మే, మా అత్తకు తెలీదు, దాంతో ఏం కాదు కదా" అని. నేను నీ చెంప ముట్టుకున్నాను. పలుచగా, నున్నగా, ఎర్రగా ఉంది. మా నాయన సోడా ఎక్కువైన నూలును రెండు వేళ్ళ మధ్య పట్టుకోగానే, ఇది తెగుతుంది, పక్కన పెట్టు అనేవాడు. ఆ వేళ్ళ తెలివి నాకు రాలేదు. నాకు ఆయన చెప్పిన సగం మాటే గుర్తుంది, ఉడికిన నూలుకే రంగు బాగా పడుతుందని. నీతో నవ్వుతూ అదే అన్నాను. మంచిదే మే, సగం పని ఆ క్రీమే చేసి పెట్టింది, ఇంక ఆసిడ్ సమంగా పడుతుంది అన్నాను. ఒక్క నిమిషానికే నువ్వు కాళ్ళు కొట్టుకున్నావు. నేను గడియారం చూస్తూ మూడు నిమిషాలూ నింపాను. క్రీముతో పలుచనైన చర్మం మీద ఆసిడ్ పెట్టకూడదని, నేను రాసుకోని ఆ పాఠం మేడం పుస్తకంలో నలభై రెండో పేజీలో ఉంది. నువ్వు ఐదో రోజు వచ్చి పోయాక తీసి చదివాను.

ఫారం నువ్వు నింపలేదు. స్నేహితురాలివి కదా అని ఉత్త ఫారం మీద సంతకం పెట్టించుకున్నాను. పుస్తకం మూసి, నల్ల పెన్ను తీసుకుని, ఆ లేదు రాసింది నేను. పడుగు సంగతి, ఎండ సంగతి నిజమే, కానీ అవి నేను వెతుక్కుని తెచ్చుకున్న నిజాలు. ఆ ఎండ లేకపోయినా నీ ముఖం నా దగ్గరే కాలింది.

వసారాలో మద్దయ్య మామ నిన్ను అడిగినప్పుడు నువ్వు ఆ కాగితం చూశావు, తర్వాత నన్ను చూశావు. నేనే చెబుతానని ఆగావు. నేను చాప అంచు గిల్లుతూ కూర్చున్నాను. రంగు తొట్టిలో నీ చేయి పట్టి ముంచింది కూడా నేనే. ఆ రోజు అయ్యవారి ముందు నన్ను కాపాడావు కాబట్టి ఈసారి కూడా కాపాడతావని నాకు ధైర్యం.

అసలు ఫారం ఇందులో పెడుతున్నాను. నీ సంతకం నీలి పెన్నుతో ఉంది, లేదు అన్నది నల్ల పెన్నుతో ఉంది. హంపమ్మకు చూపిస్తావో, దుకాణం తలుపుకు అంటిస్తావో నీ ఇష్టం. మద్దయ్య మామకు చూపిస్తే మాత్రం ఈసారి అద్దాలు పెట్టుకుని చదవమను.